వాడుకొనువారే దిద్దువారు

(బళ్లారిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మమ్ము మాటలాడుమని కోరిన కార్యవర్గమువారికి కృతజ్ఞులము. మేము పండితులము కాము; ఇంజనీర్లము అంతకంటెను కాము. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి తండ్రిగారి బట్టల అంగడిలో కూర్చున్న నాటి నుండి మాకు తెలిసినవి గజంబద్ద, జమాఖర్చు, బాకీల వసూలు. అట్టి మేము కంప్యూటరు సాఫ్ట్‌వేరును గూర్చి ప్రసంగించుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. కాని మేము చెప్పబోవునది సాఫ్ట్‌వేరు చేయువారి సంగతి కాదు, దానిని వాడుకొనువారి సంగతి. వాడుకొనువారము మనమందరమును.

మొదట వస్తువేమో తెలిసికొందము. సాఫ్ట్‌వేరు రెండు విధములు. మొదటి దానిని ఒక కంపెనీ తయారుచేసి, లోపలి వ్రాతను తన యొద్దనే దాచుకొని, వాడుకొను అనుమతిని మాత్రము మనకు అమ్మును. రెండవ దాని లోపలి వ్రాత అందరికిని తెరచి యుండును. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు గ్నూ అను పేర ఇట్టి సాఫ్ట్‌వేరును నిర్మింప బూనుకొనెను. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్సునకు పునాది వేసెను. 1998లో ఈ పద్ధతికి ఓపెన్ సోర్సు అను పేరు వాడుకలోనికి వచ్చెను. మన జేబులలోని ఆండ్రాయిడు ఫోనులకు అడుగున నున్నది ఆ లినక్సే. మన పిల్లలు పాటలు వినుటకు వాడు వి.ఎల్.సి., ఇంటర్నెట్టు చూచుటకు వాడు ఫైర్‌ఫాక్సు, మన సంఘపు ఉత్తరములు టైపుచేయు లిబ్రేఆఫీసు, ఇవన్నియు ఈ కోవకు చెందినవే. లిబ్రేఆఫీసు 2010 సెప్టెంబరు 28న ఓపెన్ ఆఫీసు నుండి వేరుపడి, నేడు జర్మనీలోని డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థ సంరక్షణలో నున్నది.

ఏ యంత్రమునకైనను దానిని నడుపు విధము తెలుపు పుస్తకము కావలెను. సాఫ్ట్‌వేరునకును అంతే. ఎచ్చట నొక్కిన ఏమగును, ముందేమి చేయవలెను, పొరపాటు జరిగిన ఎట్లు సరిదిద్దవలెను అనునవి చెప్పు వ్రాతను డాక్యుమెంటేషను అందురు. మనము వాడుక పుస్తకము అందము. ఓపెన్ సోర్సునకు ఉన్న పెద్ద కొరత ఈ పుస్తకముల యందే. ప్రోగ్రాము వ్రాయువారు అప్పుడప్పుడు కొత్త రూపమును విడుదల చేయుదురు. బటను ఒకచోట నుండి మరియొక చోటికి పోవును. పుస్తకము మాత్రము పాత చోటనే నిలిచియుండును. ప్రోగ్రాము చేసిన వానికి ఆ పుస్తకముతో పనిలేదు. కావున అందలి తప్పు వాని కంట పడదు. తప్పు ఎదురగునది మొదటిసారి దానిని నమ్మి అడుగు వేయు వాడుకరికే.

ఇది మా ఊహ కాదు. 2017లో గిట్‌హబ్ అను సంస్థ ఓపెన్ సోర్సు పనులలో పాల్గొను 5,500 మందిని ప్రశ్నించి ఒక విచారణ జరిపెను. వాడుక పుస్తకములు అసంపూర్తిగానో పాతబడియో ఉన్నవని నూటికి 93 మంది చెప్పిరి. అయినను ఆ పుస్తకములను దిద్దుటకు తాము ఎన్నడును గాని, అరుదుగా తప్ప గాని, పూనుకొనలేదని నూటికి 60 మంది ఒప్పుకొనిరి. వీధిలోని గుంతను అందరును చూతురు. పార తెచ్చువాడు కనబడడు.

మా అనుభవము ఒకటి మనవి చేయుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మా అంగడి లెక్కలకు ఒక ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును తీసికొంటిమి. దాని పేరు ఇచ్చట అనవసరము. మార్చి 31 నాటికి ఖాతాలు ముగించు విధము దాని పుస్తకమున వ్రాసియుండెను. మా గుమాస్తా ఆ పుస్తకమును ముందుంచుకొని అక్షరమక్షరము అనుసరించెను. పుస్తకము చెప్పిన మెనూలో ఆ మాట లేదు. వెదకి వెదకి మరియొక చోట కనుగొనెను. ముగింపునకు ముందు లెక్కల నకలు ఒకటి వేరుగా దాచుకొనవలెనను హెచ్చరిక పుస్తకమున ఎచ్చటను లేకుండెను. తేదీ ఒకటి పొరపడెను. రెండు రాత్రులు మేల్కొని చిల్లర పద్దులన్నిటిని మరల ఎక్కించితిమి.

పిమ్మట మేము చేసినదేమి? నెల దినములు ఎదురైన వారికెల్ల ఆ పుస్తకమును తిట్టుచు చెప్పితిమి. అంగడికి వచ్చిన వారికి చెప్పితిమి, పెండ్లిపందిళ్ళలో చెప్పితిమి, రైలులో చెప్పితిమి. ఒకనాడు మా కుమార్తె భోజనము వడ్డించుచు, "నాయనా, ఇంతమందితో చెప్పినావు గదా, ఆ పుస్తకం రాసినోళ్లతో చెప్పినావా?" అని యడిగెను. మాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రియే కూర్చుండి ఒక ఉత్తరము వ్రాసితిమి. అది నిండ కోపమే. మా కుమార్తె చదివి, ఇందులో తప్పెక్కడో లేదు, నీ కోపమొక్కటే ఉన్నది అనెను. మరల వ్రాసితిమి. మేము వాడిన సాఫ్ట్‌వేరు ఎన్నవ రూపము, పుస్తకమున ఏ అధ్యాయము, అందున్న వాక్యమేమి, తెరమీద కనబడినదేమి, ఆ వాక్యమునకు బదులు ఏమి ఉండవలెను, ఇంతే. మేము తెలుగులో చెప్పితిమి. ఆమె ఇంగ్లీషులో టైపు చేసెను. మూడవ దినమున ఎవరో విదేశీయుడు మర్యాదగా బదులిచ్చెను. మీ కంప్యూటరు ఏ విధమైనది, మా యొద్ద ఆ మెనూ పాత చోటనే యున్నది గదా అని యడిగెను. పరిశీలింపగా మేము చెప్పినది సగమే సత్యమని తేలెను. ఒక విధమైన కంప్యూటరులో మెనూ మారినది. మరియొక దానిలో మారలేదు. నకలు హెచ్చరిక సంగతి మాత్రము వారు వెంటనే అంగీకరించిరి. పదునొకండవ దినమున రెండు వాక్యములు పుస్తకమునకు చేరినవి. రెండే వాక్యములు! కాని మరుసటి మార్చిలో ఎచ్చటనో ఒక గుమాస్తా ఆ వాక్యములు చదివి సుఖముగా నిదురించి యుండునని మేము నమ్ముచున్నాము.

ఇక పని చేయు విధము చెప్పెదము. ఇందు ప్రోగ్రాము వ్రాయుట ఎంతమాత్రమును అవసరము లేదు.

మొదటి పని, మీ యొద్దనున్న సాఫ్ట్‌వేరు ఎన్నవ రూపమో చూచుకొనుట. పుస్తకమును అదే రూపమునకు చెందినదై యుండవలెను. పాత పుస్తకము తెరచి కొత్త సాఫ్ట్‌వేరుతో పోల్చిన తప్పులే కనబడును. రెండవది, ఆ తప్పును ఇంతకు మునుపే ఎవరైనను తెలిపిరేమో వెదకుట. చాల ప్రాజెక్టులకు తప్పుల పట్టీ ఒకటి యుండును. అందు వెదకినచో అదే విషయము కనబడవచ్చును. అప్పుడు కొత్తది చేర్చక, ఉన్నదాని క్రిందనే మాకును ఇట్లే జరిగినదని వివరముగా వ్రాయవలెను.

మూడవది దిద్దుట. ఇది ప్రాజెక్టును బట్టి మారును. చాల ప్రాజెక్టుల పుస్తకములు గిట్‌హబ్ వంటి చోట్ల నిలువచేయబడి యున్నవి. అచ్చట ఉచితముగా ఖాతా తెరచి, దిద్దవలసిన పుటను తెరచిన, మూలన పెన్సిలు గుర్తు కనబడును. దానిని నొక్కి దిద్దబూనిన ఆ ప్రాజెక్టునకు మీ పేర ఒక నకలు ఏర్పడును. మూలమునకు హాని ఏమియు కలుగదు. కావున భయపడ నక్కరలేదు. వాక్యము దిద్ది, ఏమి మార్చితిరో, ఎందుకు మార్చితిరో ఒకటి రెండు పంక్తులలో వ్రాసి పంపవలెను. దీనిని పుల్ రిక్వెస్టు అందురు. అనగా, మా దిద్దుబాటును మీ మూలములోనికి తీసికొనుడు అను విన్నపము. ప్రాజెక్టు పెద్దలు చదివి, ప్రశ్నలడిగి, సవరించి, చేర్చుకొందురు, లేదా కారణము చెప్పి త్రోసివేయుదురు.

లిబ్రేఆఫీసువారి పద్ధతి మనబోంట్లకు ఇంకను సులభము. వారి గైడు పుస్తకములు ఆ లిబ్రేఆఫీసు రైటరులోనే వ్రాయబడినవి. రైటరునకు ఒకటి, లెక్కల పట్టికలు వేయు కాల్కునకు ఒకటి, ఇట్లు వేరువేరు గైడులు కలవు. పని అధ్యాయముల వారీగా పంచుకొందురు. ఒక అధ్యాయమును తీసికొన్నవారు మార్పులను నమోదుచేయు సదుపాయమును తెరచియుంచి దిద్దుదురు. కొట్టివేసినది, చేర్చినది రంగుతో కనబడును. మరియొకరు దానిని పరిశీలించి ఆమోదింతురు. ఉత్తరము టైపు చేయగలవాడు ఈ పని చేయగలడు. అంత తీరిక లేనివారు వారి తప్పుల పట్టీలో తప్పును తెలిపిన చాలును. ఇట్లు మనమిచ్చు వ్రాతను ఇతరులు ఉచితముగా వాడుకొనుటకును మార్చుటకును అనుమతించు లైసెన్సునకు మనము ఒప్పుకొన్నట్లే. ఆ సంగతి ముందే తెలిసికొని పని ప్రారంభింపవలెను.

మన వ్యాపారులకు ఇందొక పాత సంగతి జ్ఞప్తికి రావలెను. మా తాతగారి కాలమున చిట్టాలో తప్పు పడిన దానిని గీకివేయుట మహాదోషము. అడ్డముగా ఒక గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, చేవ్రాలు చేయవలెను. రేపు ఎవరైనను ఆవర్జా తిరగవేసిన, మొదట ఏమి ఉండెను, ఎవరు మార్చిరి, ఎప్పుడు మార్చిరి అనునది కనబడవలెను. ఓపెన్ సోర్సువారు వాడు గిట్ అను సాధనము చేయునది అదియే. దానిని 2005లో ఆ టోర్వాల్డ్స్ గారే తయారుచేసిరి. ప్రతి మార్పునకును పేరు, తేదీ, కారణము నిలిచియుండును. కావున మన పేర పోవు మార్పు మన చేవ్రాలుతో సమానమని యెంచి, శ్రద్ధతో చేయవలెను.

కొన్ని జాగ్రత్తలు గలవు. ఒక మారునకు ఒక తప్పునే దిద్దుడు. పది కలిపి పంపిన చదువువాడు విసుగుకొనును. మీరు స్వయముగా చేసి చూడని దానిని వ్రాయకుడు. మరియొకరి పుస్తకము నుండి వాక్యములు ఎత్తి పెట్టకుడు. తెర చిత్రము పంపునపుడు ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు అందు కనబడకుండ జాగ్రత్తపడుడు. ఒకసారి అందరి కంట పడినది మరల వెనుకకు రాదు. నేడు యంత్రమునే అడిగి వ్యాసములు వ్రాయించు అలవాటు ప్రబలినది. అట్టి వ్రాత చూచుటకు నున్నగా నుండును; లోపల లేని బటనును ఉన్నదని చెప్పును. జెంటూ అను లినక్సు ప్రాజెక్టు అట్టి వ్రాతలను 2024 ఏప్రిలులో నిషేధించెను. మన వలన వారికి కావలసినది మనము చూచిన సత్యము. అది యంత్రమునకు తెలియదు.

జవాబు ఆలస్యమైన నొచ్చుకొనరాదు. ఆ పని చూచువారిలో చాలమంది పగలు ఉద్యోగము చేసికొని, రాత్రి తీరికవేళ వీనిని చదువువారే. ఒక వారము, ఒక నెల పట్టవచ్చును. త్రోసివేసిన కారణము చదువుడు. మా మొదటి విన్నపము సగము త్రోసివేయబడినదని చెప్పితిమి గదా! దానివలన మాకు నష్టము లేదు. మాకు తెలియని సంగతి ఒకటి తెలిసెను.

ఇప్పుడు మన సంఘమునకు సంబంధించిన ముఖ్య విషయమునకు వచ్చెదము.

1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. మన పెద్దలు ఇచ్చటనే నిలిచిరి. కన్నడము మనకు అన్నము పెట్టినది. దానియెడ మనకు గౌరవమే కాని వైరము లేదు. కాని మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పిల్లలు తెలుగు మాటలాడుదురు; చదువుట కష్టము; వ్రాయుట అంతకంటె కష్టము. హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను ఉన్న మనవారి యిండ్లలోను ఇదే మాట వినుచున్నాము. వ్రాయుటకు పని లేని భాష చేతినుండి జారిపోవును. పిల్లలను తెలుగు వ్రాయుడని కోరుట సులభము. వ్రాయుటకు ఒక పని చూపుట కష్టము. ఇదిగో, ఒక పని యున్నది.

లిబ్రేఆఫీసు మొదలగు సాఫ్ట్‌వేరులను తెలుగు చేయు పనిని వెబ్‌లేట్ అను సాధనముతో చేయుదురు. తెరపై ఒక ఇంగ్లీషు వాక్యము కనబడును. దాని క్రింద పెట్టెలో తెలుగు వాక్యము వ్రాయవలెను. ఉన్న తెలుగు సరిగా లేకున్న మరియొకటి సూచింపవచ్చును. ఇప్పటివరకు కొందరు ఉత్సాహవంతులు, ముఖ్యముగా నగరములలోని యువకులు, ఈ పని చేసిరి. వారికి మనము ఋణపడి యున్నాము. అయినను అంగడి లెక్కల మాటలు వారికి ఎట్లు తెలియును? చిట్టా, ఆవర్జా, పద్దు, నిలువ, బాకీ, బయానా, చెల్లు వ్రాయుట, ఈ మాటలు మన పెద్దల నోళ్ళలో ఇంకను సజీవముగా నున్నవి. వీనికి బదులు నిఘంటువు వెదకి కూర్చిన పెద్ద సమాసము తెరమీద కనబడిన, గుమాస్తా దానిని చూచి భయపడి ఇంగ్లీషునకే మారును. మాట పోయినచోటికి భాషయు పోవును.

అట్లని మన ఊరి మాటయే చెల్లవలెనని పట్టుపట్టరాదు. ఒకచోట అంగడి, ఒకచోట దుకాణము, ఒకచోట కొట్టు అందురు. ఒక సాఫ్ట్‌వేరులో ఒక భావమునకు ఒకే మాట ఉండవలెను. లేనిచో చదువరి తికమకపడును. కావున మనము మాటను సూచింపవలెను, కారణము చెప్పవలెను, పదిమంది ఒప్పిన దానికి తలయొగ్గవలెను. పొరుగున కడపలో బ్రౌన్ దొరగారు పండితులను కూర్చుండబెట్టి తాటాకు ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి పాఠములు నిర్ణయించిన సంగతి మీరెరుగుదురు. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. వేరువేరు ఊళ్ళ ప్రతులు ఒకచోట చేరినందున ఆ పని సాగెను. అట్టి పోలిక పనియే ఇది.

ఇంకొక సంగతి. పైన చెప్పిన 2017 నాటి విచారణలోనే, ఓపెన్ సోర్సు పనులలో నున్నవారిలో దాదాపు నాలుగవ వంతు మందికి ఇంగ్లీషు చాల బాగుగా చదువ వ్రాయ రాదని తేలెను. కావున మా ఇంగ్లీషు చాలదని సిగ్గుపడ నవసరము లేదు. మనకు అర్థము కాని ఇంగ్లీషు వాక్యము వారికిని అర్థము కాదు. ఈ వాక్యము మాకు తెలియలేదు, ఇంత చిన్నగా చెప్పరాదా అని మనము అడుగుటయే ఒక గొప్ప సహాయము. అల్పసంఖ్యాక భాషవారమైన మనకు, తెలియని భాషలో అచ్చైన ఫారము చేత పట్టుకొని ఆఫీసు మెట్లమీద నిలుచుండుట ఎట్టిదో తెలియును. ఆ బాధ తెలిసినవాడే సులభమైన వాక్యము వ్రాయగలడు.

ఒక పెద్దమనిషి మమ్మడిగిరి: "ఏమయ్యా, వ్యాపారివి, కూలి లేని పని నీకెందుకు?" న్యాయమైన ప్రశ్నయే. దానికి మా జవాబు ఇది. మా అంగడిలో లెక్కలకు, ఉత్తరములకు వాడు సాఫ్ట్‌వేరునకు మేము ఒక్క కాసు ఇచ్చినది లేదు. సంతలో ఒకని యొద్ద ఏండ్ల తరబడి సరుకు తెచ్చుకొనుచు, పైకము ఇయ్యక, సరుకులో లోపమున్నదని ఊరంతయు చాటువానిని మనము ఏమందుము? ధనమిచ్చి సాయపడువారు ఇత్తురు గాక. మేము రెండు వాక్యములు ఇచ్చితిమి. ఖాతాలో అది మా జమ.

కావున కార్యవర్గము ముందు మేము చిన్న సూచన ఒకటి ఉంచుచున్నాము. నెలకు ఒక ఆదివారము, సాయంకాలము రెండు గంటలు, మన సంఘపు గదిలో కూర్చుందము. ఒక పెద్ద, ఒక పిల్లవాడు లేదా పిల్ల జంటగా ఉండవలెను. పెద్దకు మాట తెలియును; పిల్లకు వేళ్ళు ఆడును. ఒక మారునకు ఒక అధ్యాయపు ఒక పుట చాలును. పుస్తకము చెప్పినట్లు చేసి చూచుట, తప్పిన చోట గుర్తు పెట్టుట, ఇంగ్లీషున దిద్దుబాటు పంపుట, తెలుగు వాక్యమును సూచించుట. ఏది చేర్చుకొనబడెనో, ఏది త్రోసివేయబడెనో మన పత్రికలో ప్రతి నెల ప్రకటింతము. ఇతర ఊళ్ళలోని శాఖలవారును ఇట్లే చేసిన, ఒకరి మాట నొకరు సరిచూడ వీలగును.

మా యింట ఈ పని మొదలైన పిమ్మట జరిగిన సంగతి ఒకటి చెప్పి ముగించెదము. ఇటీవల మా కుమార్తె వెబ్‌లేట్ తెరముందు కూర్చుండి, "నాయనా, చెల్లు వ్రాయడం అంటే చ కు ఎ కారమా, ఏ కారమా?" అని యడిగెను. కాగితము తీసి వ్రాసి చూపితిమి. దాని క్రింద ఆమె తన చేతితో ఆ మాటను మూడు మారులు వ్రాసెను. ఆ కాగితమును మా అంగడి చిట్టాలో దాచుకొంటిమి.

 వచ్చే ఆదివారము నాలుగు గంటలకు మేము గది తాళము తీసి యుంచెదము. వచ్చువారు మీ యొద్దనున్న సాఫ్ట్‌వేరు ఎన్నవ రూపమో ఒక కాగితముపై వ్రాసికొని రండు.